అప్పు చేసి హైదరాబాద్ ప్రైవేటు కాలేజీయా, చేతిలో ఉన్న డబ్బుతో యూనివర్సిటీ క్యాంపసా? రెండో విడత ఆప్షన్లకు ముందు సలహా కావాలి

మానేరు_తీరం

మా అమ్మాయికి తెలంగాణ ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష టీజీ ఈఏపీసెట్‌లో పన్నెండు వేల పైచిలుకు ర్యాంకు వచ్చింది. మొదటి విడత కౌన్సెలింగ్‌లో హైదరాబాద్ శివారులోని పేరున్న ప్రైవేటు అటానమస్ (సిలబస్, పరీక్షలు తానే చూసుకునే) కాలేజీలో ఏఐ-ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషిన్ లెర్నింగ్) బ్రాంచి సీటు కేటాయించారు. ఫీజు కట్టి, ఆ సీటు తీసుకుంటున్నట్టు ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ కూడా పూర్తి చేశాం. ఇప్పుడు రెండో విడత మొదలవుతోంది. గత ఏడాది చివరి ర్యాంకులు చూస్తే, కరీంనగర్‌లోని మా ఇంటికి బస్సు దూరంలో ఉన్న యూనివర్సిటీ ఇంజినీరింగ్ క్యాంపస్‌లో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) సీటు ఈ విడతలో దొరికే అవకాశం కనిపిస్తోంది.

ప్రైవేటు కాలేజీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి లక్షన్నర. క్యాంపస్‌లో అందులో మూడో వంతు. అయితే ప్రైవేటు కాలేజీకి కంపెనీలు ఎక్కువగా వస్తాయనీ, తరగతులు క్రమం తప్పకుండా జరుగుతాయనీ, క్యాంపస్‌లో బోధకుల కొరత ఉంటుందనీ బంధువులందరూ చెబుతున్నారు. నేను ప్రైవేటు జూనియర్ కాలేజీలో అధ్యాపకుణ్ని. పదో తరగతి చదువుతున్న అబ్బాయి కూడా ఉన్నాడు. డబ్బు మిగుల్చుకోబోయి అమ్మాయికి అన్యాయం చేస్తానేమోనని ఒకవైపు, పేరు కోసం అప్పు చేసి ఇంటిల్లిపాదినీ ఇబ్బందిలో పెడతానేమోనని మరోవైపు భయంగా ఉంది. కాలేజీల పేర్లు కావాలనే రాయడం లేదు. పేరు కనబడగానే చర్చ దాని చుట్టూనే తిరుగుతుంది. ఈ రెండింటినీ దేనితో తూచాలో చెప్పండి.

పట్నం_ఇంజినీరు

నా అభిప్రాయంలో ఇందులో ఆలోచించాల్సింది పెద్దగా లేదు. హైదరాబాద్ కాలేజీలోనే ఉంచండి. కంపెనీలు జిల్లా క్యాంపస్‌ల దాకా రావడానికి సమయం పెట్టవు. నగరం చుట్టుపక్కల ఉన్న కాలేజీలకు ఒక్కరోజులో వచ్చి, వందల మందికి పరీక్ష పెట్టి వెళ్లిపోతాయి. ఇంటర్న్‌షిప్‌లు, హ్యాకథాన్‌లు, సీనియర్ల పరిచయాలు, ఇవన్నీ ఇక్కడే ఉన్నాయి. నాలుగేళ్ల ఫీజు తేడా మంచి ఉద్యోగం వస్తే రెండేళ్లలో తీరిపోతుంది.

లెక్కల_లలిత

రెండేళ్లలో తీరుతుందో లేదో అంకెలు చూడకుండా ఎవరం చెప్పలేం. మానేరు_తీరం గారు, ట్యూషన్ ఫీజు ఒక్కటే కాకుండా హాస్టల్, భోజనం, పరీక్ష ఫీజులు, ప్రయాణం కలిపి రెండు చోట్లా ఏడాదికి ఎంత అవుతుందో రాయండి. మీ కుటుంబ వార్షికాదాయం, చదువు కోసం విడిగా దాచిన మొత్తం కూడా సుమారుగా చెబితే లెక్క వేయవచ్చు.

ఓరుగల్లు_కోట

ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది కదా, అప్పుడు ప్రైవేటు కాలేజీలో కూడా భారం ఉండదు. ఆ సంగతి ఎవరూ ప్రస్తావించలేదేమిటి?

సహాయ_కేంద్రం

కౌన్సెలింగ్ పనుల్లో ఏటా పిల్లలకు తోడుంటాను కాబట్టి ఈ విషయం స్పష్టంగా చెప్పగలను. తెలంగాణలో బీసీ, ఈబీసీ విద్యార్థులకు ఆదాయ పరిమితి గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. ఆ పరిమితిలో ఉన్నా, పది వేల లోపు ర్యాంకు వచ్చినవారికే పూర్తి ఫీజు వస్తుంది. ఆ పైన ర్యాంకులకు సాధారణంగా 35 వేలకు మించి రాదు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఈ ర్యాంకు నియమం వర్తించదు. జూనియర్ కాలేజీ అధ్యాపకుని కుటుంబం పట్టణ పరిమితిలోకి రావడం కష్టం. పైగా ప్రభుత్వం నుంచి బకాయిలు ఆలస్యమైనప్పుడు కొన్ని కాలేజీలు ముందు మీరే కట్టండి, తర్వాత తిరిగి ఇస్తామని అడుగుతున్నాయి. అర్హత ఉన్న కుటుంబాలు కూడా చేతిలో కొంత డబ్బు ఉంచుకుని దిగాలి.

మానేరు_తీరం

సహాయ_కేంద్రం గారు చెప్పింది నిజమే, మాకు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. మా ఇద్దరి సంపాదన కలిపి ఏడాదికి ఐదున్నర లక్షలు. చదువు కోసం దాచింది 4 లక్షలు.

లలిత గారు అడిగిన లెక్క ఇది. హైదరాబాద్‌లో ట్యూషన్ లక్షన్నర, ఇతర ఫీజులు సుమారు 10 వేలు, అమ్మాయిల ప్రైవేటు హాస్టల్, భోజనం కలిపి లక్షా 15 వేలు. మొత్తం ఏడాదికి 2 లక్షల 75 వేలు. క్యాంపస్‌లో ట్యూషన్ 50 వేలు, ఇతర ఫీజులు 5 వేలు, హాస్టల్, మెస్ 45 వేలు. మొత్తం లక్ష. హాస్టల్ వద్దనుకుని ఇంటి నుంచి వెళ్లి వస్తే ఇంకా తగ్గుతుంది.

లెక్కల_లలిత

అంటే ఏడాదికి లక్షా 75 వేల తేడా, నాలుగేళ్లకు 7 లక్షలు. మీరు దాచిన 4 లక్షలతో క్యాంపస్ చదువు పూర్తిగా అయిపోతుంది. ప్రైవేటు కాలేజీకి ఆ 4 లక్షలూ ఖర్చయి, పైన 7 లక్షల అప్పు మిగులుతుంది. కాబట్టి ఆ కాలేజీ ఇచ్చే అదనపు నాణ్యత 7 లక్షల అప్పుకు తగినంత ఉందా అన్నదే అసలు ప్రశ్న. విశ్రాంత_బ్యాంకరు గారు ఈ అప్పు చివరికి ఎంత అవుతుందో చెబితే బాగుంటుంది.

విశ్రాంత_బ్యాంకరు

విద్యారుణాల విభాగంలో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. వడ్డీ 10 శాతం అనుకుందాం. ఏడాదికి లక్షా 75 వేల చొప్పున నాలుగు విడతలుగా తీసుకుంటారు. చదువు పూర్తయిన తర్వాత ఇంకో ఏడాది వరకు కిస్తీలు కట్టనక్కరలేదు, కానీ వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఆ కాలంలో సాధారణ వడ్డీయే లెక్కిస్తారు. మొదటి విడతకు ఐదేళ్లు, రెండో దానికి నాలుగు, మూడో దానికి మూడు, చివరి దానికి రెండేళ్లు వడ్డీ పడుతుంది. మొత్తం 2 లక్షల 45 వేలు. అంటే కిస్తీలు మొదలయ్యే నాటికి బాకీ 9 లక్షల 45 వేలు. దాన్ని పదేళ్లలో తీరిస్తే నెలకు సుమారు 12,500 రూపాయలు. పదేళ్లలో కట్టేది మొత్తం 15 లక్షలకు దగ్గరగా వస్తుంది.

పట్నం_ఇంజినీరు గారు రెండేళ్లలో తీరుతుందన్నారు. పెద్ద ఐటీ సర్వీసు కంపెనీల్లో ఏడాదికి మూడున్నర లక్షల జీతంతో చేరిన అమ్మాయికి కోతలు పోను నెలకు 25 వేల పైన కొద్దిగా చేతికి వస్తుంది. అందులో సగం కిస్తీకే పోతుంది. ఏడెనిమిది లక్షల జీతం వచ్చిన పిల్లలు తేలికగా తీర్చేస్తారు, అది కూడా చూశాను. కానీ అప్పు తీసుకునేటప్పుడు కాలేజీ ప్రకటనలో ఉన్న అత్యధిక జీతాన్ని కాకుండా, తరగతిలో మధ్యన నిలిచే విద్యార్థికి వచ్చే జీతాన్ని పెట్టి లెక్క వేయండి.

భారం తగ్గించుకునే మార్గాలు కొన్ని ఉన్నాయి. చదువుకునే కాలంలోనే వడ్డీ కడుతూ వస్తే అసలు 7 లక్షల దగ్గరే నిలుస్తుంది, కిస్తీ 9,250కి దిగుతుంది. కుటుంబాదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే వృత్తి, సాంకేతిక కోర్సులకు ఆ కాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. మీ ఆదాయం దాన్ని దాటింది. 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. మీ లెక్కకు అది సుమారు 73 వేలు. అయితే ఎన్‌ఐఆర్‌ఎఫ్ (కేంద్రం విద్యాసంస్థలకు ఇచ్చే) ర్యాంకుల ఆధారంగా ఎంపిక చేసిన కాలేజీలకే అది వర్తిస్తుంది, ఏడాదికి లక్ష మందికే రాయితీ. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి.

క్యాంపస్_చదువు

ఇలాంటి యూనివర్సిటీ క్యాంపస్‌లోనే నేను సీఎస్‌ఈ చదివాను. జేఎన్‌టీయూ హైదరాబాద్‌కు జగిత్యాల, మంథని, సుల్తాన్‌పూర్ వంటి చోట్ల ఇలాంటి కాలేజీలు ఉన్నాయి కాబట్టి చాలామందికి ఉపయోగపడుతుందని విపులంగా రాస్తున్నాను.

బోధకుల కొరత గురించి బంధువులు చెప్పింది అబద్ధం కాదు. మాకు శాశ్వత అధ్యాపకులు తక్కువ, కాంట్రాక్టు పద్ధతిలో పనిచేసేవారు ఎక్కువ. ఒక సబ్జెక్టుకు సెమిస్టరు మధ్యలో అధ్యాపకుడు మారిపోయిన సందర్భం కూడా ఉంది. ఆ లోటును సీనియర్లు, ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ వీడియో పాఠాలు, హాస్టల్లో కలిసి చదువుకోవడం పూడ్చాయి. మా తరగతిలో అరవై మందిమే. ప్రతి ఒక్కరూ మంచి ర్యాంకుతో వచ్చినవారే, దాదాపు అందరూ జిల్లాల నుంచి, తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల నుంచి వచ్చినవారే. పక్క గదిలో ఎవరో ఒకరు రాత్రి రెండింటి దాకా ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ కోసం చదువుతుంటే మనకూ పుస్తకం తీయాలనిపిస్తుంది. డబ్బు ఇచ్చి ఆ వాతావరణాన్ని కొనలేం.

లోపం ఎక్కడుందంటే, ఎవరూ వెంటపడరు. హాజరు గురించి ఇంటికి ఫోన్లు రావు, రోజువారీ పరీక్షలు ఉండవు. ఇంటర్ కార్పొరేట్ కాలేజీలో గంట గంటకూ ఎవరో ఒకరు నడిపించిన పిల్లలు, ఇక్కడికి వచ్చాక మొదటి ఏడాది తేలిపోతారు. మీ అమ్మాయి తనంతట తాను కూర్చుని చదివే మనిషా కాదా అన్నది మీకే తెలియాలి.

పట్నం_ఇంజినీరు

క్యాంపస్_చదువు గారు రాసింది గౌరవంతో చదివాను. కానీ ఆ మాటల్లోనే నా వాదన కూడా ఉంది. సీనియర్లూ, వీడియో పాఠాలూ అధ్యాపకుల లోటు పూడ్చాల్సి వస్తే, దాన్ని ప్రోగ్రాం నాణ్యత అని ఎలా అంటాం? పట్టుదల ఉన్నవారు ఎక్కడైనా పైకి వస్తారు. సగటు విద్యార్థికి మాత్రం చేయి పట్టుకుని నడిపించే చోటు కావాలి. మా తమ్ముడు ఒక ప్రైవేటు కాలేజీలో చదివాడు. మూడో ఏడాది నుంచి కోడింగ్ శిక్షణ, మాక్ ఇంటర్వ్యూలు తప్పనిసరి చేశారు. అవి లేకపోతే వాడికి ఉద్యోగం వచ్చేది కాదని ఇప్పటికీ నమ్ముతాను.

బోధన_వృత్తి

ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో చాలాకాలంగా పాఠాలు చెబుతున్నాను. రెండు వైపులా వాదనలు బాగున్నాయి గానీ, "ప్రైవేటు", "ప్రభుత్వ" అనే మాటలతో నాణ్యత తేలదు. ఆ కాలేజీలో, ఆ బ్రాంచిలో ఏముందో తెలుసుకోవాలి, అందుకు బయటివారికి కూడా దారులున్నాయి.

అన్నిటికంటే ముందు సెక్షన్లు ఎన్నో అడగండి. బాగా నడుస్తున్న కాలేజీలకు ఒక బ్రాంచిలో సీట్ల గరిష్ఠ పరిమితిని కేంద్ర సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ 2024-25 నుంచి తొలగించింది. ఆ తర్వాత కంప్యూటర్ బ్రాంచిల్లో సీట్లు బాగా పెరిగాయి. ఒకప్పుడు మూడు సెక్షన్లున్న చోట ఇప్పుడు ఏడెనిమిది సెక్షన్లు ఉంటే, అంతమందికి సరిపడా అనుభవమున్న అధ్యాపకులు ఒక్క ఏడాదిలో పుట్టుకు రారు. పాత బ్యాచి ప్లేస్‌మెంట్ల పేరుతో కొత్త బ్యాచిని చేర్చుకుంటారు, కానీ ఆ పాత బ్యాచిలో విద్యార్థులు తక్కువ. నాలుగేళ్ల తర్వాత అదే కంపెనీలు వస్తే పోటీ పడేవారి సంఖ్య రెట్టింపై ఉంటుంది.

ఇక నాణ్యతను పరిశీలించి న్యాక్, ఎన్‌బీఏ అనే సంస్థలు ఇచ్చే గుర్తింపుల విషయం. న్యాక్ గుర్తింపు మొత్తం సంస్థకు ఇస్తారు, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి విడివిడిగా ఇస్తారు. గేటు మీద ఎన్‌బీఏ అని రాసి ఉంటే ఏ బ్రాంచికో అడగాలి. కనీసం రెండు బ్యాచీలు బయటికి వచ్చాకే ఒక బ్రాంచి ఎన్‌బీఏకు దరఖాస్తు చేయగలదు. మన రాష్ట్రంలో ఏఐ-ఎంఎల్, డేటా సైన్స్ వంటి బ్రాంచిలు ఎక్కువగా 2020-21లో మొదలయ్యాయి, తొలి బ్యాచి 2024లో బయటికి వచ్చింది. కాబట్టి సీఎస్‌ఈకి ఉన్న గుర్తింపు ఏఐ-ఎంఎల్‌కు కూడా ఉందని అనుకోకండి.

మూడో మార్గం చాలామందికి తెలియదు. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు దరఖాస్తు చేసే ప్రతి కాలేజీ తాను సమర్పించిన సమాచారాన్ని తన వెబ్‌సైటులో బహిరంగంగా ఉంచాలి. అందులో ఎంతమంది చేరారు, సమయానికి ఎంతమంది ఉత్తీర్ణులయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, మధ్యస్థ జీతం (మధ్యన నిలిచే విద్యార్థికి వచ్చేది) ఎంత, ఎంతమంది పైచదువులకు వెళ్లారు అన్నవి ఏడాది వారీగా ఉంటాయి. అధ్యాపకుల అర్హతలు, అనుభవం కూడా ఉంటాయి. రంగురంగుల కరపత్రం పక్కన పెట్టి ఆ పట్టిక చదవండి. కరపత్రంలో ఒకే విద్యార్థికి వచ్చిన మూడు ఆఫర్లను మూడుగా లెక్కించే అలవాటు ఉంది.

ఇంకొక మాట. మీ ప్రైవేటు కాలేజీ జేఎన్‌టీయూహెచ్‌కు అనుబంధమైనదైతే, అటానమస్ అయినా చివరి పట్టా మీద ఉండేది ఆ యూనివర్సిటీ పేరే. పట్టా విలువ విషయంలో రెండూ సమానమే.

తూర్పు_గాలి

ప్రైవేటు యూనివర్సిటీలు కూడా స్కాలర్‌షిప్ ఇస్తామంటున్నాయి. మా బంధువుల అబ్బాయికి సగం ఫీజు తగ్గించారు. అటు కూడా చూడవచ్చు కదా?

సహాయ_కేంద్రం

చూడవచ్చు, కానీ రెండు విషయాలు గమనించండి. తెలంగాణలో 2018 చట్టం కింద వచ్చిన ప్రైవేటు యూనివర్సిటీలు చాలావరకు కన్వీనర్ కౌన్సెలింగ్‌లో (ఈఏపీసెట్ ర్యాంకులతో ప్రభుత్వం సీట్లు కేటాయించే పద్ధతిలో) ఉండవు, ఫీజులు కూడా అవే నిర్ణయించుకుంటాయి. స్కాలర్‌షిప్ నాలుగేళ్లూ ఉంటుందా, ప్రతి సెమిస్టరులో ఒక స్థాయి మార్కులు వస్తేనే కొనసాగుతుందా అన్నది రాతపూర్వకంగా తీసుకోవాలి. మొదటి ఏడాది రాయితీ చూసి చేరి, రెండో ఏడాది పూర్తి ఫీజు కట్టిన కుటుంబాలను చూశాను.

నలుగురి_అమ్మ

రోజూ బస్సులో వెళ్లి రావచ్చు కదా అని మీరు ఆలోచిస్తున్నట్టున్నారు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి ప్రయాణ ఖర్చు ఉండదన్నది నిజం. మా పెద్దమ్మాయి అలాగే వెళ్లింది. కానీ వెళ్లడానికి గంటంపావు, రావడానికి గంటన్నర. ఉదయం బస్సులు కిక్కిరిసి ఉంటాయి. సాయంత్రం ఇంటికి చేరాక పుస్తకం తీసే ఓపిక ఉండేది కాదు. ల్యాబ్ ఆలస్యమైన రోజు నాకు నిద్ర పట్టేది కాదు. క్యాంపస్ ఎంచుకుంటే హాస్టల్లోనే ఉంచండి. ఆ 45 వేలు ఖర్చులా చూడకండి, చదువుకు దొరికే సమయం అది.

క్యాంపస్_చదువు

ఈ మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను పైన చెప్పిన వాతావరణం హాస్టల్లో ఉంటేనే దక్కుతుంది. రోజూ వెళ్లి వచ్చేవారికి అందులో సగం కూడా అందదు.

డల్లాస్_తెలుగు

బీటెక్ తర్వాత అమెరికాలో ఎంఎస్ చదివే ఆలోచన ఉందా? ఉంటే ఆ 7 లక్షలు ఇప్పుడు ఖర్చు పెట్టకపోవడం మంచిది. ఇక్కడి యూనివర్సిటీలు మార్కులు, చేసిన పని, సిఫారసు లేఖలు చూస్తాయి. బోధన_వృత్తి గారు చెప్పినట్టు పట్టా ఒకే యూనివర్సిటీది అయినప్పుడు కాలేజీ పేరు తేడా ఇంత దూరం కనబడదు. వీసాకు ముందు మొదటి ఏడాది ఖర్చుకు డబ్బు ఉన్నట్టు చూపించాలి. బీటెక్ అప్పు నెత్తిన ఉండగా దాని మీద ఇంకో పెద్ద అప్పు చేసి వచ్చిన పిల్లలు ఇక్కడ పడే ఆందోళన దగ్గర నుంచి చూస్తున్నాను.

లెక్కల_లలిత

డల్లాస్_తెలుగు గారి మాట నిజమే అయినా, ఎంఎస్ పేరు చెప్పి బీటెక్ నాణ్యతను తక్కువ చేయడం నాకు సరిగా తోచదు. అందరూ విదేశాలకు వెళ్లరు. మానేరు_తీరం గారు, ఎన్‌ఐఆర్‌ఎఫ్ పట్టికలు చూశారా?

మానేరు_తీరం

చూశాను, రెండు చోట్లకూ వెళ్లి కూడా వచ్చాను. ప్రైవేటు కాలేజీ పట్టికలో ఉద్యోగాలు వచ్చినవారి శాతం మెరుగ్గానే ఉంది. కానీ మధ్యస్థ జీతం, కరపత్రంలోని అంకెలు చూసి మేం ఊహించిన దానిలో సగానికి కాస్త ఎక్కువ. ఏఐ-ఎంఎల్‌లో ఇప్పుడు సెక్షన్లు ఐదు, మూడేళ్ల క్రితం రెండే. ఆ బ్రాంచికి ఎన్‌బీఏ ఇంకా రాలేదు. ల్యాబులు మాత్రం చాలా బాగున్నాయి, మాతో మాట్లాడిన అధ్యాపకురాలు ఓపికగా అన్నీ వివరించారు.

క్యాంపస్‌లో సీఎస్‌ఈ ఒక్క సెక్షనే. శాశ్వత అధ్యాపకులు కొద్దిమందే, కానీ కాంట్రాక్టు అధ్యాపకుల్లో చాలాకాలంగా అక్కడే ఉన్నవారు, పీహెచ్‌డీ చేసినవారు ఉన్నారు. నాలుగో ఏడాది పిల్లలతో మాట్లాడితే కంపెనీలు తక్కువగా వస్తాయని, తాము టీసీఎస్ ఎన్‌క్యూటీ వంటి అందరికీ తెరిచిన పరీక్షలు రాస్తామని, పెద్ద కంపెనీలకు బయటి నుంచే ప్రయత్నిస్తామని దాచకుండా చెప్పారు.

నా మనసు క్యాంపస్ వైపు మొగ్గుతోంది. అమ్మాయి ఇంకా ఏమీ తేల్చి చెప్పలేదు.

పట్నం_ఇంజినీరు

ఐదు సెక్షన్లు అన్నది నేను ఊహించలేదు. సీనియర్ల ఫలితాలు ఈ బ్యాచికి వర్తిస్తాయని గట్టిగా చెప్పలేను. అయినా కంపెనీలు క్యాంపస్‌కు రాకపోవడం చిన్న లోటు కాదన్న నా మాట మీదే ఉన్నాను. బయటి నుంచి దరఖాస్తు చేసేవారికి మొదటి వడపోతలోనే అవకాశం తగ్గుతుంది.

మానేరు_తీరం

ఇది నాన్న ఖాతా నుంచి నేనే, వారి అమ్మాయిని రాస్తున్నాను. అందరి సమాధానాలు చదివాను. నాకు హైదరాబాద్ కాలేజీ నచ్చింది, అక్కడి కోడింగ్ క్లబ్బు చూశాక ఇంకా నచ్చింది. కానీ తమ్ముడు వచ్చే ఏడాది ఇంటర్‌కు వస్తాడు. దాచిన డబ్బంతా నా ఒక్కదానికే పెట్టించి, పైన అప్పు కూడా చేయించడం నాకు ఇష్టం లేదు. అందుకే క్యాంపస్ అంటున్నాను. ఈ కారణంతో నిర్ణయించుకోవడం సరైనదేనా?

క్యాంపస్_చదువు

అమ్మా, ఇంటి పరిస్థితిని లెక్కలోకి తీసుకోవడం తప్పు కాదు. కానీ ఆ ఒక్క కారణంతో వస్తే, మొదటి సెమిస్టరులో ఒక తరగతి జరగనప్పుడల్లా నేను త్యాగం చేశాననిపిస్తుంది, ఆ భావన చదువును తినేస్తుంది. నీకు క్లబ్బు నచ్చింది కదా. క్యాంపస్‌లో అలాంటిది లేకపోతే పెట్టగలవా, ఆరుగురు స్నేహితులను పోగుచేసి వారానికి రెండు రోజులు కలిసి సమస్యలు చేయగలవా అని ఆలోచించు. చేయగలను అనిపిస్తే సంతోషంగా రా. అది నా స్వభావం కాదనిపిస్తే నాన్నగారితో ఉన్నది ఉన్నట్టు చెప్పు. విద్యారుణం నీ పేరు మీదే ఉంటుంది, తీర్చేది కూడా నువ్వే కావచ్చు, అందులో సిగ్గుపడాల్సింది లేదు.

బోధన_వృత్తి

పై సమాధానాన్ని బలపరుస్తున్నాను. పాప, ఇంకో ప్రశ్న వేసుకో. నీకు ఏఐ-ఎంఎల్ మీద ఆసక్తి ఉందా, లేక ఆ బ్రాంచి సీటు వచ్చింది కాబట్టి ఆసక్తి కలిగిందా? మొదటి రెండేళ్లు రెండింటిలోనూ డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్‌లు, గణితమే. సీఎస్‌ఈలో చేరినా మెషిన్ లెర్నింగ్ ఎలక్టివ్‌గా తీసుకోవచ్చు. బ్రాంచి పేరు కోసం కాలేజీ మార్చుకోనక్కరలేదు.

విశ్రాంత_బ్యాంకరు

నాన్నగారికి ఒక మాట. క్యాంపస్ ఎంచుకున్నా దాచిన 4 లక్షలూ ఒకేసారి ఖర్చు చేయనక్కరలేదు. 4 లక్షల లోపు విద్యారుణానికి మీరు సొంతంగా కొంత వాటా పెట్టాలన్న నియమం ఉండదు. చిన్న మొత్తం తీసుకుని, కొంత డబ్బు బాబు చదువుకూ, అత్యవసరాలకూ చేతిలో ఉంచుకోవచ్చు. పాపను లాప్‌టాప్ కోసం ఇబ్బంది పెట్టకండి, అది కూడా రుణంలో కలపవచ్చు.

సహాయ_కేంద్రం

నిర్ణయం ఏదైనా, ఆప్షన్లు పెట్టే ముందు ఇది రెండుసార్లు చదవండి. రెండో విడతలో కొత్త సీటు కేటాయిస్తే మొదటి విడత సీటు దానంతటదే రద్దవుతుంది, మళ్లీ వెనక్కి రాదు. కొత్తది రాకపోతే పాతది అలాగే ఉంటుంది. కాబట్టి ఇప్పుడున్న సీటు కంటే నిజంగా ఎక్కువగా కోరుకునే కాలేజీ-బ్రాంచిలు మాత్రమే పెట్టండి. వరుస నింపడానికి నాలుగు అదనపు ఆప్షన్లు పెట్టి, వాటిలో ఒకటి వచ్చి, మంచి సీటు పోగొట్టుకుని ఏడ్చిన పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. గత ఏడాది చివరి ర్యాంకులు చూసేటప్పుడు మీ కేటగిరీలో అమ్మాయిల వరుసనే చూడండి, అబ్బాయిల వరుసతో పోల్చుకోకండి. ఆప్షన్లు ఫ్రీజ్ (ఖరారు) చేశాక ప్రింటు తీసుకోండి. ఇంతకుముందు కట్టిన ఫీజు కొత్త సీటు ఫీజులో సర్దుబాటు అవుతుంది.

మానేరు_తీరం

మళ్లీ నాన్ననే రాస్తున్నాను. నిన్న రాత్రి నలుగురం కూర్చుని మాట్లాడుకున్నాం. అమ్మాయి క్యాంపస్‌కే వెళ్తానంది. ఈసారి తమ్ముడి పేరు ఎత్తలేదు. ఒక్క సెక్షను ఉండటం, హాస్టల్లో అందరూ కలిసి చదవడం తనకు నప్పుతుందని చెప్పింది. రెండో విడతలో క్యాంపస్ సీఎస్‌ఈ ఒక్కటే ఆప్షన్‌గా పెట్టి ఫ్రీజ్ చేశాం. అది రాకపోతే హైదరాబాద్ సీటు ఉంటుంది, అప్పుడు విశ్రాంత_బ్యాంకరు గారు చెప్పినట్టు వడ్డీ ఎప్పటికప్పుడు కట్టే పద్ధతిలో రుణం తీసుకుంటాం. ఇంత శ్రద్ధగా సమాధానాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

క్యాంపస్ సీటు వస్తే తరగతులు మొదలయ్యేలోగా ఏం చేయాలని అమ్మాయి అడుగుతోంది.

క్యాంపస్_చదువు

సీటు రాగానే హాస్టల్ దరఖాస్తు పెట్టించండి, గదులు తక్కువగా ఉంటాయి. దూరపు జిల్లాల పిల్లలకు ముందు ఇచ్చే అవకాశం ఉంది కాబట్టి, దగ్గర ఊరి వాళ్లు వార్డెన్‌ను స్వయంగా కలిసి అడగడం మంచిది. సి భాషలో లూపులు, ఫంక్షన్లు, అర్రేలు ఇప్పుడే చేతితో రాసి, కంప్యూటర్‌లో నడిపి చూసుకోమనండి. మొదటి సెమిస్టరులో ఎక్కువమంది తడబడేది అక్కడే.

నలుగురి_అమ్మ

హాస్టల్లో నీళ్లు, భోజనం, రాత్రిపూట కాపలా ఎలా ఉన్నాయో ప్రస్తుతం అక్కడ ఉంటున్న అమ్మాయిలనే అడగండి, కార్యాలయంలో అడగకండి.